సామర్లకోట సర్జన్ మొదలు శాసనసభ దాక

గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలే చోటికి చేరువలో ఆత్రేయపురం ఉన్నది. ఆ ఊరి పేరు వినగానే తెలుగువారికి పూతరేకులు గుర్తుకు వచ్చును. కాగిన కుండ వీపున బియ్యపు పిండినీట తడిపిన గుడ్డను ఒక్క విసురున లాగి, కాగితం కంటె పలుచనైన రేకును తీసే నేర్పు అక్కడి ఇల్లాండ్రది. 2023లో ఆ తినుబండారానికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. బియ్యాన్ని కడుపు నింపుకొనుటకే గాక వేడుకకు కూడ వాడగలుగుట అన్నానికి కొరత లేని సీమకే చెల్లును. కాని ఈ సీమ ఎల్లకాలం ఇట్లే ఉండలేదు. నది ప్రక్కనే పారుచుండగా నోటికి మెతుకు లేక జనం రాలిపోయిన కాలం కూడ ఇక్కడ గడచినది.

ఆత్రేయపురానికి పొరుగున ఉన్న బొబ్బర్లంక వద్ద మధ్య డెల్టా కాలువలకు నీరు మళ్లును. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా కట్టిన ఆనకట్ట 1852లో పూర్తి అయినది. దానిని కట్టించిన కాటన్ దొర విగ్రహాలు డెల్టా ఊళ్లలో నేటికీ పూలమాలలు అందుకొనుచున్నవి. అది తగిన కృతజ్ఞతయే. అయితే ఆ ఆనకట్టకు అరువది ఏండ్లకు పూర్వమే ఈ గోదావరి సీమలో ఒక సర్జన్ ఆకలిని రోగంగా గుర్తించినారు. ఆ రోగానికి మందు తన సంచిలో లేదనీ, పాలకుల చేతిలో ఉన్నదనీ గ్రహించి వారికి విన్నపాలు పంపినారు. ఆయన పేరు చెప్పుకొనేవారు నేడు అరుదు.

వైద్యుని చెంతకు రోగి వచ్చును. రోగికి కారణమైన కరువు, మురుగు, మురికినీరు మాత్రం వైద్యుని చెంతకు రావు. వాటిని తొలగించుటకు చట్టం కావలెను, ధనం కావలెను, అధికారం కావలెను. అందుచేత వైద్యుడు ఎప్పుడో ఒకప్పుడు రోగి మంచం విడిచి శాసనకర్తల గడప ఎక్కక తప్పదు. ఆ గడప వద్ద ఆయన మాట ఎప్పుడు చెల్లినది? ఎప్పుడు చెల్లలేదు? మన ప్రాంతపు చరిత్ర ఈ ప్రశ్నలకు స్పష్టమైన సమాధానమే ఇచ్చుచున్నది.

ఈస్టిండియా కంపెనీ కొలువులో సర్జన్ అనగా కోతలు కోసి కట్లు కట్టువాడు మాత్రమే కాడు. దండులోని సిపాయిల జ్వరాలు, చెరసాలలోని ఖైదీల తిండి, ఊరిలోని మశూచి, వాన, గాలి, చెట్టు చేమ అన్నీ ఆయన గమనింపులోనివే. అటువంటి సర్జన్ విలియం రాక్స్‌బరో. 1751లో స్కాట్లండులో పుట్టి, ఎడింబరోలో వైద్యంతో పాటు వృక్షశాస్త్రం కూడ అభ్యసించి, 1776లో మద్రాసు వైద్యశాఖలో చేరినారు. 1781 ప్రాంతంలో కాకినాడకు సమీపాన ఉన్న సామర్లకోటకు వచ్చినారు. అక్కడ తోట వేసి మిరియం, చెరకు, నీలిమందు మొక్కలను పెంచి పరీక్షించినారు. 1793లో కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్లునంతవరకు ఆయన ఈ ప్రాంతంలోనే ఉన్నారు.

రాక్స్‌బరోకు ఒక నియమం ఉండెడిది. మద్రాసులో ఉన్ననాటినుండి దినానికి మూడు మారులు వేడిమిని, గాలి ఒత్తిడిని కొలచి వ్రాసికొనేవారు. వానను కూడ కొలిచేవారు. సామర్లకోటలోను ఆ అలవాటు మానలేదు. దేశీయ చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వ్రాయించినారు. కోరమండల తీరపు మొక్కలను గూర్చి 1795 మొదలు మూడు సంపుటాలుగా వెలువడిన ఆయన గ్రంథంలో మూడు వందల చిత్రఫలకాలున్నవి. అందులో పెక్కు మొక్కలకు తెలుగు పేర్లు కూడ ఇచ్చినారు. ఏ చెట్టు దేనికి పనికివచ్చునో ఇక్కడి రైతుల వద్ద, కూలివారి వద్ద అడిగి తెలిసికొనేవారు. చిట్టి ఈత మొదలులోని పిండిపదార్థాన్ని దంచి, జల్లించి, అంబలి కాచుకొని బీదవారు కరువులో త్రాగుదురని ఆయన నమోదు చేసినారు. వృక్షశాస్త్ర గ్రంథంలో ఆ ఒక్క మాట చాలు, వ్రాసినది వైద్యుడని తెలియుటకు.

1789 మొదలు 1792 వరకు వరుసగా వానలు తప్పినవి. ఉత్తర సర్కారులలో క్షామం ప్రబలినది. ఆ కరువు దక్కను వరకు వ్యాపించి, దారుల ప్రక్కన దిక్కులేక పడియున్న పుర్రెలను బట్టి పుర్రెల కరువని చరిత్రలో పేరు పొందినది. మధ్య పసిఫిక్ సముద్రజలాలు వేడెక్కుటకు, మన దేశంలో వానలు తప్పుటకు సంబంధం ఉన్నదని నేటి వాతావరణ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ సంవత్సరాలను అటువంటి ఘటనకు ప్రబలమైన ఉదాహరణగా ఎంచుదురు. ఆ చర్చలో సామర్లకోట వానలెక్కలు నేటికీ సాక్ష్యంగా నిలిచియున్నవి.

రాక్స్‌బరో ఈ కరువును దైవఘటన అని చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. సుమారు నూరేండ్ల క్రిందట కూడ ఇటువంటి అనావృష్టి సంభవించినదని స్థానికుల వలన విన్నారు. మరల మరల వచ్చే ఆపద ఐనచో ముందుగా ఏర్పాటు చేసికొనవచ్చును గదా అని తలచినారు. వరి ఎండినను కాయగల చెట్లను, అనగా కొబ్బరి, తాటి, అరటి, పనస, సగ్గుబియ్యపు చెట్టు మున్నగువానిని, కాలువ గట్లమీద, బాటల వెంబడి, ఊరి బంజరులలో విరివిగా నాటించవలెనని మద్రాసు ప్రభుత్వానికి వ్రాసినారు. సీమపనసను కూడ పరదేశాల నుండి తెప్పించవలెనన్నారు. గోదావరి, కృష్ణల నీటిని పొలాలకు మళ్లించవచ్చునని మైకేల్ టాపింగ్ అనే సర్వేయరు కూడ ఆ దశకంలోనే కంపెనీవారి దృష్టికి తెచ్చినారు. అనగా రోగ నిర్ణయం, చికిత్స రెండూ 18వ శతాబ్ది ముగియకముందే కాగితం మీద సిద్ధంగా ఉన్నవి.

ఫలితమేమి? కంపెనీ ఆయన శాస్త్రజ్ఞానాన్ని మెచ్చినది, పదవి ఇచ్చినది, గ్రంథం అచ్చు వేయించినది. మిరియం మీద, నీలిమందు మీద, చెరకు మీద ఆయన వ్రాసినవానిని శ్రద్ధతో చదివినది. అవి వర్తకానికి పనికివచ్చేవి. కరువుకు మందుగా చెప్పిన చెట్ల సలహా మాత్రం పెద్ద ఎత్తున ఆచరణలోకి రాలేదు. నేడు కోనసీమలో కనబడే కొబ్బరితోటలు ఆ సలహా ఫలమని చెప్పరాదు. కొబ్బరి ఈ నేలకు అంతకు ముందునుండియే చుట్టం. ఆయన ఉత్తరాలు సామర్లకోట నుండి మద్రాసుకు, మద్రాసు నుండి లండనులోని డైరెక్టర్లకు వెళ్లవలెను. ఆ దారిలో ఎక్కడా ఆకలిగొన్నవానికి జవాబు చెప్పవలసినవారు లేరు. డైరెక్టర్లు జవాబు చెప్పవలసినది వాటాదారులకు.

ఆ ఉపేక్షకు మూల్యం తరువాతి తరం చెల్లించినది. నందన నామ సంవత్సరంలో, అనగా 1832–33లో, గుంటూరు సీమను క్షామం తుడిచిపెట్టినది. అక్కడి ఐదు లక్షల జనంలో రెండు లక్షలమంది నశించిరని ఆనాటి అంచనా. గోదావరి సీమ కూడ తప్పించుకొనలేదు. 1821లో 7 లక్షల 38 వేలుగా ఉండిన రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దిగినది. చనిపోయినవారు కొందరు, ఊళ్లు విడిచి పోయినవారు కొందరు. జనంతో పాటు శిస్తు కూడ తగ్గినది. అప్పుడు గాని కంపెనీకి మెలకువ రాలేదు. 1844లో హెన్రీ మాంట్‌గొమరీ జిల్లా దుస్థితిని విచారించి నివేదిక ఇచ్చినారు. ఆర్థర్ కాటన్ ఆనకట్టకు ప్రణాళిక వ్రాసి, పెట్టిన రూకకు ఎంత రాబడి వచ్చునో లెక్క కట్టి చూపినారు. 1847లో పని ఆరంభమైనది. ఇంజనీరు మాట చెల్లినది, ఏలయన ఆయన పాలకులకు తెలిసిన భాషలో, శిస్తు భాషలో, మాట్లాడినారు. సర్జన్ మాట్లాడినది ప్రాణాల భాష. ఆ భాషకు కంపెనీ కచ్చేరీలో దుబాసీ లేడు.

ప్రాణాలను సైతం అంకెలలో చెప్పి పాలకులను నిలదీసిన సర్జన్ అటుపిమ్మట పాతికేండ్లకు మద్రాసులో కనబడినారు. ఆయన పేరు విలియం రాబర్ట్ కార్నిష్. మద్రాసు రాజధానికి శానిటరీ కమిషనరు. 1860 తరువాతి సంవత్సరాలలో ఈ రాజధానిలోని ప్రజలు ఏమి తిందురు, జిల్లా జైళ్లలో ఖైదీలకు ఏమి పెట్టవలెను అనే విషయంపై నివేదిక తయారుచేసినవారాయన. 1871 జనాభా లెక్కలపై మద్రాసు నివేదిక వ్రాసినవారును ఆయనే. ఎవరు ఎందరున్నారో, ఎంత తిన్న ఎంత పని చేయగలరో, ఆ రెండు లెక్కలు ఒక్క వైద్యుని చేతిలో ఉండినవి.

ధాత నామ సంవత్సరం, ఈశ్వర నామ సంవత్సరం, అనగా 1876, 1877. రాయలసీమ వృద్ధులు తరతరాలుగా చెప్పుకొన్న ధాత కరువు అదే. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలతో పాటు తమిళ జిల్లాలు, మైసూరు, దక్కను అన్నీ ఎండిపోయినవి. గోదావరి, కృష్ణా డెల్టాలలో మాత్రం కాలువల క్రింద పంట పండినది. అక్కడి ధాన్యం కరువు సీమలకు తరలినది. రాక్స్‌బరో కాలంలో ఆకలికి నిలయమైన సీమయే ఈ మారు ఇతరులకు అన్నం పంపినది. కాని ధాన్యం ఉన్నంత మాత్రాన పేదవానికి అందదు. ధర ఆకాశాన్నంటినప్పుడు కూలివానికి సర్కారు కరువు పనియే దిక్కు. ఆ పనికి ఎంత కూలి ఇవ్వవలెను అన్నదే వివాదం.

1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ ప్రభువు తన ప్రతినిధిగా సర్ రిచర్డ్ టెంపుల్‌ను మద్రాసుకు పంపినారు. టెంపుల్ అంతకు మూడేండ్ల క్రిందట, 1874లో, బీహారు కరువులో బర్మా బియ్యం తెప్పించి జనాన్ని కాపాడినవారే. మరణాలు మిక్కిలి తక్కువ. కాని ఖర్చు ఎక్కువైనదని పైవారు నిందించిరి. ఆ నింద తుడిచికొనుటకే అన్నట్లు మద్రాసులో ఆయన మితవ్యయం బోధించినారు. కరువు పనిలో మట్టి మోసే మగవానికి దినానికి ఒక పౌను ధాన్యం ఖరీదు, పైన కొద్దిపాటి చిల్లర చాలునన్నారు. ఆడవారికి, పిల్లలకు ఇంకను తక్కువ. పౌను అనగా సుమారు 450 గ్రాములు. పాత కొలతలో 80 తులాల పక్కా శేరులో సగానికి ఇంచుక తక్కువ. దినమంతయు రాళ్లు కొట్టి, గంపలు మోసే మనిషి ఆ గింజలతోనే ప్రాణం నిలుపుకొనవలెను.

కార్నిష్ దీనిని ఎదిరించినారు. ఎదిరించుట అనగా సభలో కేకలు వేయుట కాదు. ఒక దాని వెంట ఒకటిగా అధికార పత్రాలు వ్రాయుట. మనిషి ఊరక కూర్చుండుటకు ఎంత కావలెను, పని చేయుటకు ఎంత కావలెను, గింజ ఒక్కటే తినువానికి కండ ఎట్లు కరగును అన్నవానిని ఒక్కొక్కటిగా చూపినారు. కష్టించి పనిచేయువానికి కనీసం ఒకటిన్నర పౌను, అనగా సుమారు 680 గ్రాముల ధాన్యం, దానిపై పప్పు, కూరగాయలు ఉండవలెనన్నారు. టెంపుల్ వాదం వేరు. కూలి హెచ్చయినచో అవసరం లేనివారు కూడ కరువు పనికి ఎగబడుదురనీ, ఖజానా దివాలా తీయుననీ ఆయన అనేవారు. ఖజానా భయం అబద్ధం కాదు. కాని ఖజానాను కాపాడవలసిన కొలత మనిషిని చంపే కొలత ఐనప్పుడు ఆ పని పేరు సహాయం కాదని సర్జన్ పట్టుబట్టినారు.

ఆ వాదం కచ్చేరీ గోడలలోనే ఆగలేదు. మద్రాసు టైమ్స్ పత్రికా సంపాదకులు విలియం డిగ్బీ దానిని జనుల ముందు పెట్టినారు, తరువాత 1878లో ఆ కరువు చరిత్రను రెండు సంపుటాలుగా వ్రాసినారు. మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు తన శానిటరీ కమిషనరు పక్షం కొంత వహించినారు. ఫలితంగా 1877 మార్చిలో మద్రాసు ప్రభుత్వం కొలత పెంచినది. సుమారు 570 గ్రాముల ధాన్యం, 43 గ్రాముల పప్పు. టెంపుల్ చెప్పినదానికి, కార్నిష్ కోరినదానికి నడుమ దాదాపు సరిగా సగం దూరం. కరువు కూలివారు త్రవ్విన బకింగ్‌హాం కాలువ ఆ గవర్నరు పేరుతోనే నిలిచినది. కూలి కొలత పెంచుటకు పోరాడిన సర్జన్ పేర మాత్రం కాలువ లేదు.

సగం గెలుపు అన్నాము. మిగిలిన సగం ఏమైనదో జనాభా లెక్కలు చెప్పినవి. 1871లో కార్నిష్ లెక్కించిన కర్నూలు జిల్లా జనంలో సుమారు నాలుగవ వంతు 1881 లెక్కలలో లేరు. దేశమంతట ఆ కరువు పొట్టన పెట్టుకొన్నవారు 50 లక్షలకు తక్కువ కాదని చరిత్రకారుల అంచనా. ఆ మరణాలన్నీ కూలి కొలత వలననే సంభవించినవని ఎవరును అనరు. కలరా, మశూచి, జ్వరాలు బలహీనులను వెదకి పట్టుకొన్నవి. కాని బలహీనులను చేసినది ఆకలి. వైద్యుడు హెచ్చరించినది దానిని గురించియే.

ఈ కథ లండను దాక వెళ్లినది. ఆసుపత్రి పరిచర్యకు పేరెన్నికగన్న ఫ్లారెన్స్ నైటింగేల్ మన దేశానికి ఎన్నడును రాలేదు. ఐనను ఇక్కడి పారిశుద్ధ్య నివేదికలు, కరువు నివేదికలు తెప్పించుకొని చదివి, మంత్రులకు, పత్రికలకు వ్రాసినారు, కాటన్ దొరతో కలిసి నీటిపారుదల కోసం వాదించినారు. 1878లో బ్రిటిష్ పార్లమెంటు నియమించిన సంఘం ఎదుట కాటన్ సాక్ష్యం ఇచ్చినారు. అదే సంవత్సరం రిచర్డ్ స్ట్రేచీ అధ్యక్షతన కరువు కమిషను ఏర్పడినది. దాని 1880 నివేదికను బట్టి, 1883 మొదలు కరువు సహాయ నిబంధనలు రూపొందినవి. కూలికి ఎంత, వృద్ధునికి ఎంత, పాలిచ్చు తల్లికి ఎంత అన్నవి అధికారి చిత్తాన్ని బట్టి గాక వ్రాతలో ఉండవలెనని ఒక ఏర్పాటు వచ్చినది. లోపాలు ఎన్ని ఉన్నను అది ముందడుగు. ఇంత జరిగినను గమనింపవలసినది ఒకటి ఉన్నది. ఆ కొలత తినవలసిన కర్నూలు కూలివానిని ఏ సభయు పిలిచి అడుగలేదు. అతనికి ఓటు లేదు, అతని పక్షాన లేచి నిలుచు సభ్యుడు లేడు. అతని తరఫున మాట్లాడినవాడు జీతంపై ఉన్న ఒక సర్జన్. పై అధికారి కాదన్నచో ఆ గొంతు అంతటితో ఆగును.

డెల్టాలో ఆకలి తీరిన పిమ్మట మరియొక రోగం తలయెత్తినది. కాళ్లు తిమ్మిరెక్కి, ఒళ్లు ఉబ్బి, గుండె ఆగిపోయే బెరిబెరి. మన దేశంలో అది ఎక్కువగా కనబడినది ఉత్తర సర్కారులలో, అన్నం పుష్కలంగా ఉన్న ఈ తీరంలోనే. 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధనకై ఒక చిన్న గదిలో ప్రయోగశాల ఆరంభించిన రాబర్ట్ మెకారిసన్, ఆయన తరువాత దానికి అధిపతియైన ఎక్రాయిడ్ దీని గుట్టు విప్పినారు. పచ్చి వడ్లను మరలో తెల్లగా పాలిష్ పట్టినప్పుడు తవుడుతో పాటు ప్రాణాధారమైన విటమిన్ పోవును. తమిళ జిల్లాలవారు ఉప్పుడు బియ్యం తిందురు. వడ్లను ఉడికించినప్పుడు ఆ విటమిన్ గింజలోనికి దిగును గనుక వారికి రక్షణ కలిగినది. మనవారు పచ్చి మరబియ్యం మరిగినారు గనుక చిక్కు వచ్చినది. రోకలి వదలి మర పట్టినందుకు కట్టిన సుంకమది.

వైద్యులు దంపుడు బియ్యాన్నో, ఉప్పుడు బియ్యాన్నో తినుమని చెప్పినారు. ఆ సలహా ఇంటింట తలకెక్కుట కష్టమైనది, చట్టంలోకి ఎక్కుట ఇంకను ఆలస్యమైనది. 1958లో పార్లమెంటు బియ్యపు మరలను అదుపులో ఉంచుటకు చట్టం చేసినది. అందులో పౌష్టికతతో పాటు దంపుడు పనివారి జీవనోపాధి కూడ లెక్కకు వచ్చినది. ఆ చట్టం 1997లో రద్దయినది. కూనూరు ప్రయోగశాల మాత్రం హైదరాబాదుకు తరలివచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థగా పేరుపొందినది. చెప్పవచ్చినదేమనగా, వైద్యుని మాట ఒంటరిగా నడచినప్పటికంటె మరియొకరి బ్రతుకుతెరువుతో చేయి కలిపినప్పుడు త్వరగా సభలోకి వెళ్లగలదు.

ఇక ఆ సభ మాట. 1919 చట్టం వలన వైద్యం, ప్రజారోగ్యం రాష్ట్ర మంత్రుల పాలనలోకి వచ్చినవి. 1921లో మద్రాసులో క్రొత్త శాసనమండలి కొలువుదీరినది. ఓటు హక్కు కొద్దిమందికే ఉన్నను, మంత్రి సభకు జవాబు చెప్పవలసిన పద్ధతి ఆరంభమైనది. వెంటనే దాని ఫలితం కనబడినది. పానుగంటి రామరాయణింగారు, అనగా పానగల్లు రాజావారు, ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో దేశీయ వైద్య విధానాల విచారణకు ఉస్మాన్ సంఘం ఏర్పడినది. దాని నివేదిక 1923లో వెలువడగా 1925లో మద్రాసులో దేశీయ వైద్య పాఠశాల వెలసినది. పాశ్చాత్య వైద్యంలో పట్టభద్రులై ఆయుర్వేదానికి అంకితమైన ఆచంట లక్ష్మీపతిగారి వంటి తెలుగు వైద్యులు ఆ ఉద్యమానికి అండగా నిలిచినారు. తెలుగు జిల్లాలకు తొలి వైద్య కళాశాల 1923లో విశాఖపట్టణంలో వెలసినదియు ఈ కాలముననే.

1927లో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి ఆ మండలిలో నియుక్త సభ్యురాలై, ఉపాధ్యక్షురాలిగా ఏకగ్రీవంగా ఎన్నికైనారు. మద్రాసు ప్రభుత్వ ప్రసూతి, నేత్ర వైద్యశాలలో ఆమె తొలి మహిళా హౌస్ సర్జన్. దేవదాసీ ఆచారాన్ని రూపుమాపుటకు ఆమె చేసిన కృషి అందరికీ తెలిసినదే. ఆమె ఆ విషయాన్ని కేవలం నీతి ప్రశ్నగా గాక ఆడపిల్లల ఆరోగ్య ప్రశ్నగా కూడ సభ ముందుంచినారు. స్త్రీలకు, శిశువులకు ప్రత్యేక వైద్య వసతులు కావలెనని అడిగినారు. రాక్స్‌బరో ఉత్తరం వ్రాయవలసి వచ్చినది. కార్నిష్ అధికార పత్రం వ్రాయవలసి వచ్చినది. ఈమె లేచి నిలుచుండి ప్రశ్న అడిగినారు, మంత్రి బదులు చెప్పవలసి వచ్చినది. నూట నలుబది ఏండ్లలో వచ్చిన మార్పు అది.

పదేండ్లకు మరియొక మెట్టు. 1937లో రాజాజీ మంత్రివర్గంలో ప్రజారోగ్యశాఖ టి. ఎస్. ఎస్. రాజన్‌కు లభించినది. ఆయన ఇంగ్లండులో సర్జన్ పట్టం పొంది, తిరుచిరాపల్లిలో వైద్యం చేసినవారు, ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొన్నవారు. విన్నపం వ్రాసే చేయి ఇప్పుడు విన్నపం అందుకొనే చేయి అయినది. ఆ మంత్రివర్గం కాలంలో వచ్చిన 1939 మద్రాసు ప్రజారోగ్య చట్టం మన దేశంలో ఆ కోవలో మొదటిదిగా పేరుపొందినది. త్రాగునీరు, మురుగు, అంటువ్యాధులు, దోమల నిర్మూలన, ఆహార కల్తీ, బాలింతల, శిశువుల సంరక్షణ, తుదకు జాతరలు, తీర్థాల ఏర్పాట్లు కూడ అందులో ఉన్నవి. గోదావరి పుష్కరాల జనసందోహాన్ని ఎరిగిన మనకు ఆ చివరి అధ్యాయం అవసరం వేరుగా చెప్పనక్కరలేదు. రాష్ట్రాలు మారినను ఆ చట్టం ఆంధ్ర ప్రాంత ప్రజారోగ్య చట్టం అనే పేరుతో మనకు సంక్రమించినది. 1946లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గంలో అదే శాఖను ఆచంట లక్ష్మీపతిగారి సతీమణి రుక్మిణీ లక్ష్మీపతిగారు నిర్వహించినారు.

స్వాతంత్ర్యం తరువాత రాజ్యాంగంలోని 47వ అధికరణం ప్రజల పౌష్టికాహారాన్ని, ఆరోగ్యాన్ని మెరుగుపరచుట రాజ్యం ప్రథమ కర్తవ్యాలలో ఒకటిగా ప్రకటించినది. సామర్లకోట సర్జన్ ఉత్తరంలో ప్రార్థనగా ఉండినది, శానిటరీ కమిషనరు పత్రంలో వాదంగా ఉండినది, రాజ్యాంగంలో కర్తవ్యంగా మారినది. ఆ అధికరణాన్ని చూపి న్యాయస్థానంలో నేరుగా హక్కు అడుగ వీలులేదు. దానికి ప్రాణం పోయవలసినది శాసనసభలు చేసే చట్టాలు, కేటాయించే ధనం. కనుక వైద్యుని పని ముగియలేదు.

ఈ మూడు తరాల కథను కలిపి చూచినచో ఒక్క సంగతి తేటపడును. వైద్యుని దయ ఒక్కటే చాలదు. రాక్స్‌బరోకు దయయు, దినచర్య లెక్కలు రెండూ ఉన్నవి, వినే సభ లేదు. కార్నిష్‌కు లెక్కలతో పాటు పత్రిక తోడుపడినది, వినేవారు కొందరు దొరికినారు, సగం ఫలించినది. ముత్తులక్ష్మిగారికి, రాజన్‌గారికి లెక్కతో పాటు సభ కూడ దొరికినది, చట్టం వచ్చినది. రోగిని చూచినవాని అనుభవం, కొలచి చూపిన అంకె, జవాబు చెప్పవలసిన సభ, ఈ మూడూ ఒకచోట కూడినప్పుడే మందు ఊరికి చేరును. వీనిలో మొదటి రెండూ వైద్యులు తేగలరు. మూడవదానిని నిలబెట్టవలసినది వైద్యులు కాదు, ఓటు గల ప్రజలు.

కర్నూలు కరువు కూలివానికి తన కొలత ఎంతో అడిగే అవకాశం లేకపోయినది. ఆత్రేయపురం రైతుకు, బొబ్బర్లంక కూలికి, పూతరేకు తీసే ఇల్లాలికి నేడు ఆ అవకాశం ఉన్నది. మా ఊరి కుళాయి నీరు పరీక్షించినారా, మా ఆసుపత్రిలో కాన్పు చేయగల వైద్యురాలు ఉన్నదా, మా పిల్లల బరువు తూచినారా అని పంచాయతీని, శాసనసభ్యుని, పార్లమెంటు సభ్యుని వారు అడుగవచ్చును. ఆ ప్రశ్న ఊరివారి నోట వచ్చిననాడు, దానికి తోడుగా అంకెలు పట్టుకొని నిలిచే వైద్యుని మాట సగంలో ఆగదు.